తడీ కాదు, పొడీ కాదు

బండికి ఇంట్లో ఇంజనాయిల్ మార్చుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. పదిహేడో నంబరు పానా, ఒక బేసిను, ఒక గరాటు, ఆదివారం పొద్దున కాస్త ఓపిక ఉంటే చాలు. ఎలా మార్చాలో చెప్పేవాళ్ళకి యూట్యూబులో కొదవ లేదు. గడ్డమున్నవాళ్ళూ చెబుతారు, గడ్డం రానివాళ్ళూ చెబుతారు. పాతది దింపుతారు, కొత్తది పోస్తారు, మూత బిగిస్తారు, కిక్కు కొట్టి బొటనవేలు చూపించి మాయమైపోతారు. ఆ దింపిన పాత ఆయిల్ ఏం చేశావు నాయనా అని అడుగుదామంటే అప్పటికే షాంపూ ప్రకటన మొదలైపోతుంది.

కొన్నాళ్ళుగా నన్ను కొరుక్కుతింటున్న ప్రశ్న అదే. కొత్త ఆయిల్ వచ్చిన సీసాలోకే పాత ఆయిల్ ఎక్కించి, మూత బిగించి, బాల్కనీలో పెట్టాను. సీసా మీద ఇంకా మెరిసే ఇంజను బొమ్మా, దీర్ఘాయుష్షు హామీలూ ఉన్నాయి. లోపల మాత్రం కాటుక. మొన్న మా అత్తగారు దాన్ని చూసి, ‘నువ్వుల నూనె బాగా మాగినట్టుంది, శనివారం గుడికి తీసుకెళ్ళనా?’ అన్నారు. శనీశ్వరుడికి రంగు నచ్చేదేమో గానీ, నాకు ధైర్యం చాలలేదు.

నాది స్ప్లెండర్. 1994లో వచ్చిన ఈ బండి మీద చెయ్యి తిరగని మెకానిక్కు మన రెండు రాష్ట్రాల్లోనూ దొరకడు. విప్పడానికి అంత సులువు. రెండు నిమిషాలు ఇంజను నడిపితే ఆయిల్ వేడెక్కి పలచబడి, అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది. సెంటర్ స్టాండు వేసి, కింద బోల్టు వదులు చేసి, వేళ్ళతో తిప్పుతూ ఉంటే ఆఖరి మర దగ్గర ఆయిల్ ముందు మన మణికట్టు మీదకి, అక్కణ్ణుంచి మోచేతికి, అక్కణ్ణుంచి చొక్కాకి వెళ్ళి, మిగిలింది బేసిన్లో పడుతుంది. బోల్టూ పడుతుంది. దాని వాషరు మాత్రం ఇంజనుకే అంటుకుని, మనం బేసినంతా చేత్తో కలియబెట్టాక, ఇక్కడే ఉన్నాను కదా అన్నట్టు పైనుంచి చూస్తుంది. ధార సన్నబడి దారమయ్యాక చిన్న గాలి తోలినా చాలు, బేసిను వదిలి టైల్సు మీద ముగ్గు పెడుతుంది. తాళం తీసేసి రెండు కిక్కులు కొడితే ఇంకో గుటక కక్కుతుంది. కొత్తది పోశాక ఆయిల్ పుల్ల తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లెక్క తప్పుతుంది.

కారుకి పోయగా మిగిలిన ఆయిల్ తెచ్చి, ‘ఇదీ నూనే కదా బావా, పోసెయ్’ అన్నాడు మా బావమరిది. కారుకీ బండికీ తేడా ఉంది. బండి క్లచ్చి ప్లేట్లు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు ఎక్కువగా కలుపుతారు కాబట్టి అది పోస్తే క్లచ్చి జారుతుంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. సీసా వెనక జాసో ఎంఏ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకుని కొనాలి. ఇవన్నీ తెలుసుకోవచ్చు, నేర్చుకోవచ్చు. ఎవరూ నేర్పని విషయం ఇంకోటుంది. గుడ్డ.

బండి పనికి ముందుగా కావాల్సింది పానా అని మగవాళ్ళ భ్రమ. కాదు, గుడ్డ. మా ఇంట్లో బనీనుకి నాలుగు ఆశ్రమాలు. పెట్టెలోంచి ఇంకా బయటికి రానిది బ్రహ్మచారి. ఒంటి మీదకొస్తే గృహస్థు. చంక కింద చిరిగి, మెడ సాగి, చుట్టాల ముందు నిలబడలేని స్థితికి వచ్చాక వానప్రస్థం తీసుకుని, ఫ్యాను రెక్కలూ కిటికీ ఊచలూ తుడుచుకుంటూ కాలక్షేపం చేస్తుంది. ఆఖరున సన్యాసం. గడప దాటి, మెట్లు దిగి, బండి పక్క డబ్బాలో చేరుతుంది. సన్యసించింది మళ్ళీ ఇంట్లోకి రాకూడదు, వాషింగ్ మెషిను మొహం చూడకూడదు.

చిక్కల్లా, ఏ బనీను ఏ ఆశ్రమంలో ఉందో తేల్చే పీఠాధిపత్యం నా చేతిలో లేదు. నేను సన్యాసి అనుకుని ఒకటి పట్టుకుంటే, ‘ఏమండీ, అది దేవుడి గది గుడ్డ!’ ఇంకోటి తీస్తే, ‘అది ఫ్రిజ్జుది.’ మూడోది తీస్తే, ‘అది స్టవ్వు గట్టుది, ముట్టుకోకండి.’ కళ్ళు మూసుకుని నాలుగోది లాగాను. ‘అదా? అది మీరు నిన్న వేసుకున్నది. కావాలంటే తీసుకెళ్ళండి’ అంది మా ఆవిడ. నా ఒంటి మీద తిరిగే బనీను కన్నా ఫ్రిజ్జు తుడిచే బనీనుకి పరపతి ఎక్కువ. పోనీ పాత చీర ముక్క ఇమ్మంటే, సిల్కు మిక్సు చీర నూనె పీల్చదు, పులుముతుంది. టర్కీ తువ్వాలు పోగులు పానాకి చుట్టుకుంటాయి. మెకానిక్కు షెడ్లలో ఈ ధర్మసందేహాలేవీ ఉండవు. వాళ్ళు బనీను వేస్టు కిలోల లెక్కన తెచ్చుకుంటారు. తిరుప్పూరు లాంటి చోట్ల బనీన్లు కుట్టగా మిగిలిన కత్తిరింపులవి. ఒంటి మీదకెక్కి సంసారం చేసే పని లేకుండా మిల్లు నుంచి తిన్నగా ఇంజను దగ్గరికి వస్తాయి. అంతా శుకమహర్షి కోవ. మా ఇంట్లోనూ ఒక కిలో తెచ్చి పడేద్దామని చూశాను. ‘తెల్లగా, మెత్తగా ఉన్నాయండీ’ అంటూ సగం వంటింట్లోకి వెళ్ళిపోయాయి.

సరే, గుడ్డ దొరికింది. ఆయిల్ దిగింది. ఇప్పుడు దీన్నేం చెయ్యాలి?

చెత్త బండి అబ్బాయికి సీసా చూపిస్తే ఎత్తి, ఊపి, ‘తడి చెత్తనా, పొడి చెత్తనా?’ అన్నాడు. ముట్టుకుంటే తడే. కానీ తడి బుట్టలో వేస్తే ఎరువవదు, పొడి బుట్టలో వేస్తే పొడిని పొడిగా ఉండనివ్వదు. ‘రెండూ కాదు’ అన్నాను. ‘అయితే ఇది చెత్తనే కాదు సార్’ అని సీసా నా చేతిలో పెట్టి బండి కదిలించాడు. వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. ‘మా ఊళ్ళో అయితే చెక్కకి పూసేస్తాం బాబూ, చెదలు పట్టదు’ అన్నాడు. మా ఫ్లాట్లో చెదపురుగు ఆశపడే చెక్క ఒక్కటీ లేదు. పక్క వీధిలో కడుతున్న బిల్డింగులో సెంట్రింగు మేస్త్రి ఉన్నాడు. కాంక్రీటు అంటుకోకుండా రేకులకి పాత ఆయిలే రాస్తారు. ఆశగా వెళ్ళాను. ‘మేము లారీ షెడ్డు నుంచి డబ్బాలకి డబ్బాలు తెప్పిస్తం సార్. ఇది ఏ మూలకొస్తది?’ అన్నాడు.

చట్టం ఏమంటుందో చూశాను. 2016 నాటి నియమాల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లరుకే వెళ్ళాలి. వాళ్ళు దాన్ని శుద్ధి చేస్తే మళ్ళీ ఆయిలే అవుతుంది. వినడానికి బాగుంది. కాకపోతే వాళ్ళ బేరం పీపాల్లో. పీపా అంటే 210 లీటర్లు. నా బండికి సారికి 900 మిల్లీలీటర్లు, ఏడాదికి రెండుసార్లు. నా పీపా నిండడానికి నూట పదహారేళ్ళు. అంకె మాత్రం సంభావనకి సరిగ్గా సరిపోయింది.

ఇక మిగిలింది మెకానిక్కు. ఇదివరకు నా బండి చూసినవాడే. సీసా చూడగానే విషయం గ్రహించాడు. ‘బండేమో ఇంట్ల విప్పుకుంటరు, బండి కక్కింది మాత్రం నాకు తెస్తరా సార్?’ అన్నాడు. న్యాయమైన మాట. తీసుకోను అని అనలేదు గానీ, గడ్డంతో నాలా వైపు చూపించాడు. ఆ నాలా మూసీలో కలుస్తుంది.

అక్కడ నిలబడ్డప్పుడే షెడ్డు కుర్రాణ్ణి చూశాను. మీసం ఇంకా రాలేదు. ఎవరిదో బండి కింద పడుకుని బోల్టు తిప్పుతున్నాడు. నల్లటి ఆయిల్ మోచేతి దాకా కారుతోంది. పాత ఆయిల్ ఎక్కువసేపు చర్మానికి తగలనివ్వవద్దని సీసాల మీదే రాసి ఉంటుంది. అది చదివి నేను ఆర్నెల్లకోసారి చేసే పనికి గ్లోవ్స్ కొనుక్కున్నాను. వాడు పొద్దుట్నుంచి రాత్రి దాకా చేసే పనికి బట్టల పొడి వేసి రుద్దుకుంటాడు, గోళ్ళ చుట్టూ నలుపు అలాగే ఉంటుంది, ఆ చేత్తోనే టిఫిను డబ్బా తెరుస్తాడు. ఇన్నేళ్ళూ అదే షెడ్డు బెంచీ మీద కూర్చుని, ఫోను చూసుకుంటూ, ‘ఇంకెంతసేపు?’ అని మాత్రం అడిగాను. పాత ఆయిల్ ఎటు పోతోందో అడగలేదు. అడిగే అవసరం నాకు రాలేదు.

బ్రేకు ఆయిల్, కూలెంటు గొడవ ఇంకా ఎత్తనేలేదు. నా బండికి అవి లేవు కాబట్టి బతికిపోయాను. డిస్కు బ్రేకులున్న బండి కొనుక్కున్నవాళ్ళు రెండేళ్ళకోసారి ఆ ముచ్చట కూడా తీర్చుకోవచ్చు. గాలిలో తేమంతా బ్రేకు ఆయిలే తాగేస్తుంది. ట్యాంకు మీద చుక్క పడితే రంగు లేపేస్తుంది.

వాడేసిన ఆయిల్‌ని శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులు కూడా మొయ్యాలని కేంద్రం నియమాలు మార్చింది. 2024 ఏప్రిల్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. అయ్యా, ఆ బాధ్యత నా బాల్కనీ దాకా రావాలని నేను కోరడం లేదు. పెట్రోలు బంకు దాకా వస్తే చాలు. కొత్త ఆయిల్ డబ్బాలు అద్దాల అరలో పేర్చి అమ్మేది అక్కడే కదా. గాలి కొట్టే మిషను పక్కన ఒక పీపా పెట్టించండి. పైన ఒక జాలీ గరాటు, ‘నీళ్ళు, బ్రేకు ఆయిల్ కలపరాదు’ అని ఒక బోర్డు, రాత్రిపూట ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక తాళం. నేను ఒక్కణ్ణే నింపితే నూట పదహారేళ్ళు పడుతుంది. ఊరంతా పోస్తే నెల తిరక్కుండానే నిండుతుంది.

అందాకా, ఇంట్లో ఆయిల్ మార్చుకునే తోటి వీరులారా, సీసా మూత బిగించి, మీద పేరు రాసి, పిల్లలకీ అత్తగార్లకీ అందకుండా పెట్టండి. నాలాలో మాత్రం పోయకండి.