మా వీధి వరుస పలక

మా కాలనీ మార్కాపురం శివార్లలో ఉంది. శివారంటే, ఊరు ఇక్కడితో అయిపోయిందని ఆటోవాడూ, అసలు ఊరు ఇక్కణ్ణుంచే మొదలని ప్లాట్లు అమ్మినాయనా చెప్పే చోటు.

1970లో మూడు జిల్లాల ముక్కలు తెచ్చి అప్పటి మా జిల్లాను బొంతలా కుట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. కనిగిరి, పొదిలి నెల్లూరివి. ఒంగోలు, అద్దంకి గుంటూరువి. ఆ కుట్లన్నీ మా వీధిలోనే పైకి తేలాయి. ఎదురింటి గిద్దలూరు వదిన పొద్దున్నే ఉగ్గాని చేస్తుంది. కనిగిరి పెద్దమ్మ దాన్ని బొరుగుల ఉప్మా అన్నదంటే రెండు రోజులు మాటలుండవు. మూలింటి సేటుది రాజస్థాన్. ఆయన తెలుగు మా అందరికన్నా స్పష్టం. బాకీలు అడగడానికి నేర్చుకున్న భాష మరి. సందు చివర సాయిబుగారింట్లో బిర్యానీ పొయ్యెక్కిన రోజు మాత్రం వీధంతా ఒకటే కులం.

ఇందరికీ ఉమ్మడి భాష ట్యాంకర్ హారను.

బోరు నీళ్ళు తాగితే ఫ్లోరైడు. మా పళ్ళ గార చూసి ఏ ఊరో చెప్పెయ్యొచ్చు. అందుకని తాగడానికి ఇరవై లీటర్ల క్యాను, వాడకానికి ట్యాంకరు. కంభం చెరువు లేదా అంటారేమో. ఉంది, విజయనగర కాలం నాటిది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమని గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపును బిందెలో పట్టుకోలేం గదా! ఇక వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కింద రెండు సొరంగాలు. ఆ ఏడు పుట్టిన మా మేనల్లుడికి పెళ్ళీడు వచ్చింది, పిల్లనిచ్చేవాళ్ళు మొదట అడిగేది "నీళ్ళెట్లా?" అని.

ట్యాంకరు డ్రైవరుది గిద్దలూరు వైపు. ఎప్పుడు ఫోన్ చేసినా "వస్తాండా సార్" అంటాడు. కొత్తగా దిగిన అద్దంకి మాస్టారు దాన్ని వర్తమాన కాలం అనుకుని, రెండు గంటలు బిందెలతో గేటు దగ్గర నిలబడ్డారు. వదిన జాలిపడి వ్యాకరణం చెప్పింది: "వస్తాండా అంటే ఇంకా లేవలేదని సారూ. బయల్దేరితే ఫోనే ఎత్తడు."

గొడవలు పడలేక ఎవరి వంతు ఎప్పుడో పలక మీద రాసి కరెంటు స్తంభానికి కట్టాం. దేశమంతటి పిల్లలకు పలకలు పంపిన ఊరు మాది. నోటు పుస్తకాలొచ్చి పలకల గిరాకీ పడిపోయాక ఆ రాయే టైల్సయి పెద్దపెద్ద భవనాల గోడలెక్కింది. ఓ పలకకైనా అసలు పని దొరికిందని సంబరపడ్డాం.

మొన్న తెల్లారేసరికి మూడో పేరు చెరిగిపోయి, ఆ చోట వేరే పేరుంది. పంచాయితీ పెట్టాం. నీళ్ళతో తుడిచుంటారని సేటు. మాస్టారు ఒప్పుకోలేదు. ఈ వీధిలో చుక్క నీరు వృథా చేసే మనిషి ఎవరండీ, ఇది ఉమ్మితో చెరిపిన పనే అన్నారు. బడిలో మనమందరం నేర్చిన విద్యే కాబట్టి ఎవర్నీ అనుమానించలేకపోయాం.

రేపటి వరుసలో మాది నాలుగోది. బలపం ఇప్పుడు మా ఆవిడ కొంగున ఉంది.