నా చేతిలో నేను మట్టికరిచిన రాత్రి

నలభై నాలుగేళ్ళ గుమాస్తా ఒకడు ఆదివారం రాత్రి అన్నం తినకుండా ముసుగుతన్ని పడుకున్నాడంటే, ఆఫీసులో మెమో ఇచ్చారనో, బావమరిది అప్పు అడిగాడనో అనుకుంటారు ఎవరైనా. నేను పడుకున్నది వీడియో గేములో ఓడిపోయి. అదీ మా ఆవిడ చేతిలో. ఇంకా నిజం చెప్పాలంటే నా చేతిలోనే. ఆ సంగతి తర్వాత.

నాది కర్నూలు, ఆమెది కడప. మేనమామ కూతురు. మా సంసారం కేసీ కాలువ లాంటిది. సుంకేసుల దగ్గర ఎన్ని నీళ్ళు వదిలినా చివరికి పోయేది కడపకే. నా జీతానిదీ అదే దారి. ఒక్కసారి మాత్రం దొంగ తూము పెట్టాను. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలికి జాన్ సీనా వచ్చి కుస్తీ పట్టాడు. "పోదాం నాయనా" అని మావాడు నెలరోజులు వెంటపడ్డాడు. సెలవు ఇవ్వరన్నాను. అడిగితే కదా ఇవ్వడానికి! తర్వాత వాడి ముడుచుకున్న మూతి చూడలేక, దసరాకు ఎవరి దగ్గరో పాత ప్లేస్టేషన్ 2, దానితోపాటు 2003లో వచ్చిన 'హియర్ కమ్స్ ది పెయిన్' అనే కుస్తీ ఆట డిస్కు కొనుక్కొచ్చాను. "ఇందులోనూ సీనా ఉన్నాడ్రా" అన్నాను. ఉన్నాడు, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న కుర్రాడిగా. మావాడు డబ్బా వెనక్కి తిప్పి చూసి, "ఈ ఆట నాకన్నా పెద్దది నాయనా" అన్నాడు.

కొన్నది వాడి పేరుతో, ఆడింది నేను. నాది బ్రాక్ లెస్నర్, వాడిది బక్కపల్చని రే మిస్టీరియో. ఎత్తడం, వేయడం, మళ్ళీ ఎత్తడం, మళ్ళీ వేయడం, రెండు నిమిషాల్లో మూడు లెక్క. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి వరసగా పదకొండుసార్లు ఓడించి, ఆ లెక్క పాలవాడి క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నాను. పన్నెండోసారి వాడు కంట్రోలర్ కింద పెట్టి, "హోంవర్కుంది" అని లేచిపోయాడు. హోంవర్కు కోసం వాడు తనంతట తాను లేవడం పుట్టిన తర్వాత అదే మొదలు.

మా ఆవిడ ఊరిబిండికి చెనిక్కాయలు ఒలుస్తా కూర్చోనుంది. తల ఎత్తకుండానే అంది: "బావా, తెర లేస్తానే భీముడు కీచకుణ్ణి సంపేస్తే, టిక్కెట్టు కొన్నోళ్ళు ఊరికే పోతారా? కుర్చీలు ఇరగ్గొట్టి పోతారు."

నాటకం మాటెత్తితే కడపవాళ్ళదే పైచేయి. సురభి నాటకాలు 1885లో 'కీచక వధ'తో మొదలైంది వాళ్ళ జిల్లాలోని సురభి గ్రామంలోనే. భీముడే గెలుస్తాడని చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా కీచకుడు ఒక్కసారైనా భీముణ్ణి కింద పడేయకపోతే రాత్రంతా మేలుకున్నవాడికి గిట్టుబాటు కాదు.

ఆలోచిస్తే ఈ ఆట కిటుకంతా అందులోనే ఉంది. టీవీ కుస్తీలో ఎవరు గెలిచేదీ ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆటలో ఆ రాత మన చేతికిస్తారు. ఇందులో ప్రాణం గీత ఉండదు. తెర మీద చిన్న మనిషి బొమ్మ ఉంటుంది, తల, చేతులు, నడుము, కాళ్ళు దేనికది దెబ్బతిని రంగు మారతాయి. ఒళ్ళంతా ఎర్రబడ్డవాడు కూడా రెండు లెక్కపెట్టినాక భుజం లేపొచ్చు. ఇంకో వింత, కొట్టకుండా ఊరికే నిలబడి జనం వైపు చేతులూపినా బలం పట్టీ నిండుతుంది. మా ఇంట్లో దానికి 'తొడగొట్టడం' అని పేరు. నేను మాత్రం అది దండగ ఖర్చని ఏనాడూ నొక్కలేదు. 'సమరసింహారెడ్డి' చూసి పెరిగిన సీమవాణ్ణయ్యుండీ!

మొన్న ఆదివారం తల్లీకొడుకులు కలిసి కొత్త మల్లుణ్ణి తయారుచేశారు. ఆ డిస్కులో దానికీ ఏర్పాటుంది. ఎత్తు తగ్గించారు. మీసం పెట్టారు. జుట్టు పలచన చేశారు. పొట్ట దగ్గర ఆగారు.

"ఇంకొంచెం" అంది. మావాడు నొక్కాడు. "ఇంకొంచెం."

పేపరు చాటు నుంచి చూస్తున్నవాణ్ణి ఆగలేక, "చాల్లేమ్మే!" అన్నాను. ఇద్దరూ వెనక్కి తిరిగి నా పొట్ట చూశారు. మళ్ళీ తెర చూశారు. ఇంకో రెండు నొక్కులు నొక్కారు.

సాయంత్రం పోటీ. నా లెస్నర్‌కు ఎదురుగా నేనే, చిన్న నిక్కరుతో. ఎత్తాను, వేశాను. ఆ పొట్టాయన లేచి తొడగొట్టాడు. మళ్ళీ వేశాను. మళ్ళీ తొడగొట్టాడు. మంచం మీది నుంచి మా అమ్మ, "ఆ చారల అంగీ ఆయప్ప సూస్తా నిల్చుకున్యాడే గానీ, ఇడిపీడేందిరా?" అని రెఫరీని తిడుతోంది. మీద పడుకున్నాను. ఒకటి... రెండు... టకటకటక! భుజం లేచింది. కిందపడ్డవాడు బయటపడాలంటే బటన్లు ఎడాపెడా నొక్కాలి మరి. చెనిక్కాయలు ఒలిచే వేళ్ళతో పందెమా? అట్లా మూడుసార్లు. మావాడు సోఫా ఎక్కి, "లెయ్ మా, లెయ్!" అని అరుస్తున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మూడోసారి నాక్కూడా ఆ పొట్టాయన లేస్తే బాగుండుననిపించింది.

లేచాడు. లేచి, లెస్నర్ సొంత ఎత్తు ఎఫ్-5ను లెస్నర్‌కే వేశాడు. ఆ ఎత్తు వాడికి పెట్టింది నా కొడుకే. ఒకటి, రెండు... పగలంతా స్టాంపులు గుద్దే నా బొటనవేలు గుద్దింది, గుద్దింది, మూడు.

"కరెంటు తక్కువుంది, బటను పట్టలేదు" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ముసుగు.

నాటుకోడి పులుసు వాసన తలుపు సందులోంచి వస్తోంది. పిలిస్తే లేద్దామని చూశాను. ఎవరూ పిలవలేదు. కాసేపటికి హాల్లో మళ్ళీ టకటక. ఇంత రాత్రప్పుడు చెనిక్కాయలేందని తొంగిచూశాను. మావాడు నిద్రకు తూగుతున్నాడు. వాడి పక్కన కంట్రోలర్ పట్టుకుని మా అమ్మ. తెర మీద నేను. లెస్నర్ వెనకనుంచి బాదుతున్నాడు, పడుతున్నాను, లేస్తున్నాను, జనం వైపు తిరిగి చేతులూపుతున్నాను.

"కొట్టేది నాతో కాదు గానీ, ఈ తొడగొట్టేది బాగుండాది నాయనా."

"అట్ల కాదుమా, గుండ్రం బటను నొక్కితే..."

"నువ్వు ముందు సంగటి తిను, సల్లారిపోతాంది" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.