రబ్బరు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఫ్యాను తిరుగుచుండు బల్బు వెలుగుచుండు
తెరను జూడబోవ తిమిర మొకటె
బీపు కూత లేక బిగుసుకొన్న దిపుడు
రబ్బ రొకటి తెమ్ము రామభద్ర!

టీక: రామభద్ర = ఓయీ రామభద్రా; ఫ్యాను = ప్రాసెసరు నెత్తినుండే పంకా; తిరుగుచుండున్ = ఏ లోటూ లేనట్టే తిరుగుతుంది; బల్బు = పెట్టె ముందరి చిన్న దీపం; వెలుగుచుండున్ = వెలుగుతూనే ఉంటుంది; తెరను = మానిటరును (కేబులు ఊడలేదని చూసుకున్న తర్వాత అని భావం); చూడబోవ = చూస్తే; తిమిరము ఒకటె = ఉన్నది చీకటి మాత్రమే; బీపు కూత లేక = కుయ్యనక కయ్యనక; ఇపుడు బిగుసుకొన్నది = మొరాయించింది; రబ్బరు = పెన్సిలు గీతలు చెరిపేది; ఒకటి తెమ్ము = తీసుకురా.

తాత్పర్యం: రామభద్రా! సెకండ్ హ్యాండులో కొన్న ఈ డెస్క్‌టాప్‌కు ఫ్యాను, దీపం బాగానే ఉన్నాయి. బొమ్మ లేదు, శబ్దం లేదు. నీ జామెట్రీ బాక్సులోని రబ్బరు పట్టుకురా.

విశేషం: ఫ్యాను తిరుగుతున్నది గనుక ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) బాగున్నట్టేనని కొందరు వ్యాఖ్యాతలు. అది నిలవదు. ఫ్యానుకు 12 వోల్టులు చాలు. మదర్‌బోర్డుకు 5, 3.3 వోల్టులు కూడా కావాలి.

ఇక 'బీపు కూత లేక'. పద్యానికి ప్రాణమూ ఇదే, దోషమూ ఇదే. ర్యాము అందకపోతే బోర్డు మామూలుగా ఊరుకోదు, ఆగి ఆగి కూస్తుంది. మరి కూయలేదంటే? అసలు స్పీకరే లేదేమో. చేతులు మారిన పెట్టెల్లో ఆ చిన్న బిళ్ల తరచూ ఉండదు. కవి ఆ సంగతి చెప్పలేదు. ఆటవెలదిలో చోటు చాలలేదని సరిపెట్టుకుందాం. స్పీకరు తగిలించి, ర్యాములన్నీ పీకేసి స్విచ్చి వేయాలి. కూసిందా, బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నాయి. తప్పు చాలావరకు ర్యాముదో దాని స్లాటుదో. అప్పటికీ కూయకపోతే రామభద్రుణ్ణి హోంవర్కు చేసుకోనివ్వడమే మంచిది.

రబ్బరు ప్రయోగం ప్లగ్గు పీకాకే. ర్యాము అంచున బంగారు రంగు పళ్లుంటాయి. వాటి మకిలి పోయేలా రెండువైపులా మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పు 'టక్' మనేదాకా నొక్కాలి. రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి.

నాలుగో పాదానికి 'ర్యాము నొకటి తెమ్ము' అని రిపేరు షాపుల పాఠాంతరం. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. ఖర్చు తప్ప వేరే దోషం లేదు. అయినా రబ్బరు పాఠం విఫలమయ్యాకే దీన్ని గ్రహించాలి. అదీ డీడీఆర్2నా, డీడీఆర్3నా చూసుకొని; వాటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి గనుక ఒకదాని స్లాటులో మరొకటి కూర్చోదు.

రెండు పాఠాలూ పనిచేయకపోతే కెపాసిటర్ల నెత్తి చూడాలి. 2000 దశకం తొలి ఏళ్ల బోర్డుల్లో చాలావాటికి అవి ఉబ్బి, గోధుమరంగు రసం కక్కాయి. ఆ భాగానికి టీక రాయవలసినవాడు సాల్డరింగ్ వచ్చినవాడు.