ఉస్తాద్‌కి టెన్త్ మెమో లేదు సార్!

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ పెద్దలకు,

హైదరాబాద్ పాతబస్తీ, లాల్‌దర్వాజా నుంచి ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా.

ఇక్కడ మేమంతా క్షేమం. ఎండ అంతకంటే క్షేమం. పొద్దున మిద్దె మీద పెట్టిన వడియాలు సాయంత్రానికి గలగలలాడుతున్నాయి. కాబట్టి మీ శాఖకు కావలసిన ముడిసరుకుకు మా దగ్గర లోటు లేదని మనవి.

తమరు 2015లో ‘సూర్యమిత్ర’ శిక్షణ మొదలుపెట్టారు. 90 రోజులు, 600 గంటలు. ఫీజు లేదు, బస, భోజనం మీవే. 2020 మార్చి నాటికి 50 వేల మందిని తయారుచేస్తామన్నారు. తర్వాత 2024లో పీఎం సూర్యఘర్ వచ్చింది. కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు, 75,021 కోట్ల ఖర్చు, 17 లక్షల ఉద్యోగాలు అన్నారు. అంకెలు విని మా గల్లీ మురిసిపోయింది. మరి మా వంతుగా ఎవరిని పంపుదామని చూస్తే ఉస్తాద్ కనిపించారు.

ఉస్తాద్‌ది మోటర్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటరు తెస్తే ముందు మూత విప్పి వాసన చూస్తారు. లోడు ఎక్కువై కాలిందా, నీళ్లు దిగి కాలిందా అక్కడికక్కడే తేల్చేస్తారు. మాడిన చుట్లు కోసి, లెక్కపెట్టి, అన్నే చుట్లు కొత్త రాగి తీగతో చుట్టి, వార్నిష్ పోసి దుకాణం ముందు ఎండలో పెడతారు. ఆ రకంగా మీ పథకం పుట్టకముందు నుంచే ఆయన సౌరశక్తి వినియోగదారు.

మీ నిబంధన మాత్రం పదో తరగతి పాసై, ఐటీఐలో ఎలక్ట్రీషియనో, వైర్‌మనో, ఫిట్టరో చేసి ఉండాలంటోంది. ఉస్తాద్ ఏడుతో ఆపేశారు. పోనీ బీటెక్ చదివి ఖాళీగా ఉన్న ఆయన మేనల్లుణ్ని పంపుదామంటే, డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులు కారట! ఒకే ఇంట్లో మామకు చదువు తక్కువై, అల్లుడికి ఎక్కువై, ఇద్దరూ సూర్యుడికి మిత్రులు కాకుండా పోయారు.

శిక్షణ అక్కర్లేదని మా వాదన కాదు. కచ్చితంగా కావాలి. ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది, అందుకే లేచిన నిప్పురవ్వ ఆరిపోయే వీలుంటుంది. ప్యానెల్ ఇచ్చే డీసీ అలా దిగదు. పది ప్యానెళ్లు వరసగా కలిపితే నాలుగు వందల వోల్టుల దాకా పోతుంది. ఒక్క కనెక్టర్ వదులైతే లేచిన మంట తేలిగ్గా ఆగదు. పైగా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపే స్విచ్చే లేదు. ఇవి ఉస్తాద్‌ కూడా నేర్చుకోవలసినవే.

కానీ మా మిద్దెల సంగతి మీ పాఠంలో ఉండదు. నీళ్ల ట్యాంకు, డిష్, పావురాల గూడు, పక్కింటివాళ్లు లేపిన రెండో అంతస్తు, వీటన్నిటి మధ్య మిగిలిందే మా మిద్దె. ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరసంతా డీలాపడుతుంది. ఏ నీడ ఏ వేళకు ఎక్కడికొస్తుందో మీ ఇన్‌స్పెక్టర్‌కు తెలియదు, ఈ మిద్దెలెక్కి తిరిగే మనిషికి తెలుసు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఫీజు లేదు, అన్నం ఉచితం, మంచం ఉచితం. మరి ఇంటి కిరాయి? కిరాణా కొట్టులో ఉద్దెర? రోజు పని చేస్తేనే రోజు గడిచేవాడు మూడు నెలలు హాస్టల్లో ఉంటే, ఆ మూడు నెలల ఖర్చు ఆయన పెళ్లాం పిల్లలు భరించాలి. శిక్షణ ఉచితమే గానీ, ఆ తొంభై రోజులు ఉచితం కావు సార్.

అందుచేత మా విన్నపాలు:

ఒకటి. పని వచ్చినవాణ్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ పద్ధతి మీ ప్రభుత్వం వారి కౌశల్ వికాస్ యోజనలోనే ఉంది. దాన్ని మా వైండింగ్, ఇన్వర్టర్ దుకాణాల దాకా నడిపించండి. టెన్త్ మెమో అడిగే బదులు చేతికి టెస్టర్ ఇచ్చి చూడండి.

రెండు. క్లాసులకు వచ్చిన రోజుకు రోజు కూలీ కట్టివ్వండి.

మూడు. రాష్ట్ర సర్కారు 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తానని 2024 జూన్‌లో మల్లేపల్లిలో శ్రీకారం చుట్టింది. సంతోషం. మరి మా వైపు, మూసీకి ఇవతల చందూలాల్ బారాదరిలో కులీ కుతుబ్ షా పాలిటెక్నిక్ ఉంది. రాష్ట్ర సర్కారుతో మాట్లాడి అక్కడొక రాత్రి బ్యాచ్ పెట్టించండి.

నాలుగు. నేర్చుకున్నాక పని ఎక్కడ? రాష్ట్ర గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇంటివాడు ప్యానెల్ కోసం అప్పు చేయడు. కనుక ముందు పాతబస్తీ సర్కారు బడుల, దవాఖానల మిద్దెలు ఆ బ్యాచ్‌కే అప్పగించండి. వాళ్లకు చేతికి పని, బడికి కరెంటు.

ఈ లేఖ అందాక తనిఖీకి రాదలిస్తే పొద్దున తొమ్మిదింటికి మాత్రం రాకండి. మా దగ్గర షట్టర్లు పదకొండు దాటితే గానీ లేవవు. రాత్రి తొమ్మిదింటికి రండి. ఉస్తాద్ దుకాణంలోనే ఉంటారు, ఇరానీ చాయ్ చెప్తారు. కానీ సర్టిఫికెట్ ఫారం వెంట తెచ్చుకోండి, ఆయన దగ్గర జిరాక్స్ మిషన్ లేదు.

ఇట్లు,
మీ పథకానికి అర్హత లేని మిత్రుల తరఫున,
ఒక పాతబస్తీ వాసి