గోదారిది ఏ దేశం సినిమా?

ఆస్కార్‌కు మన సినిమాను ఎంచే ఫిల్మ్ ఫెడరేషన్ జ్యూరీ ఇంకా రాజమండ్రి రాలేదు. వస్తే మాత్రం గోదావరి జిల్లాల కొంప మునిగినట్టే.

పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ను ఆస్కార్‌కు ఎందుకు పంపలేదండీ అంటే, ఇండియాలో జరిగే యూరప్ సినిమా చూస్తున్నట్టుందని జ్యూరీ అనుకుందని ఫెడరేషన్ అప్పటి అధ్యక్షుడు రవి కొట్టారక్కర సెలవిచ్చారు. 13 మంది కూర్చుని 29 సినిమాలు వడకట్టి తేల్చిన సంగతి ఇది. 2024 మేలో కాన్స్‌లో గ్రాండ్ ప్రీ తెచ్చుకున్న సినిమా అది. అక్కడి పోటీ విభాగంలోకి మన దేశం నుంచి 30 ఏళ్ల తర్వాత వెళ్లిందీ అదే. అక్కడ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇక్కడ పాస్‌పోర్టు చూపించమన్నారు.

సరే, ఇదే కొలబద్దతో గోదావరి డెల్టాను కొలుద్దాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కల్లా ముగించింది కాటన్ దొర. కాబట్టి కాలవ కింద పండే స్వర్ణ బియ్యం ఇండియాలో ఉడుకుతున్న ఇంగ్లీషు అన్నం. గోదాట్లో స్నానం చేయిస్తూ సంకల్పంలో కాటన్ను భగీరథుడిగా తలుచుకునే పురోహితులున్నారు, వాళ్ల శ్లోకాలకూ కత్తెర పడాలి. నర్సాపురం అరుగుల మీద అల్లే లేసు స్కాట్లండ్ మిషనరీలు నేర్పింది, అదీ అనర్హమే. హేవ్‌లాక్ వంతెన సంగతి పేరులోనే దొరికిపోయింది. సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వచ్చే పులస చేపకు వీసా ఉందో లేదో అంతర్వేది దగ్గరే తనిఖీ చేయాలి.

యానాం కేసు మరీ చిక్కు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి, చుట్టూ గోదావరి డెల్టా, జనం మాట తెలుగు, ఇప్పటి పాలన పుదుచ్చేరిది. అచ్చం ఈ సినిమాలాగే ఇండో-ఫ్రెంచ్ కో-ప్రొడక్షన్! జ్యూరీవారు అక్కడ బస్సు దిగితే, ఏ వీధి ఏ దేశంలో జరుగుతోందో తేలక, ఎర్ర టోపీ పోలీసును చూసి మళ్లీ అదే బస్సెక్కేస్తారు.

ఇంకో తమాషా. ఫ్రాన్స్ తన ఆస్కార్ ఎంట్రీ కోసం చివరికి మిగుల్చుకున్న నాలుగు సినిమాల్లో ఇదొకటి. మలయాళం, హిందీ, మరాఠీ మాట్లాడే సినిమా వాళ్లకు పరాయిదనిపించలేదు.

నిదానంగా ఉంది, కథ కదల్లేదు అంటే ఒప్పుకోవచ్చు, టిక్కెట్టు కొన్నవాడి హక్కది. 1960లో ఇదే కాన్స్‌లో ఆంటోనియోనీ ‘లవెంచురా’ను చూసి జనం గేలి చేశారు. ఆ ఏడాదే దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. గేలి చేసినవాళ్లు కూడా అది ఇటలీ సినిమా కాదనలేదు.

ఇంతకీ ఈ యూరప్ కథేమిటి? ముంబైలో ప్రభ అనే మలయాళీ నర్సు. పెళ్లయి జర్మనీ పోయిన మొగుడి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఒకరోజు పంపినవారి పేరు లేకుండా జర్మనీ రైస్ కుక్కర్ ఒకటి ఇంటికొస్తుంది. జ్యూరీకి దొరికిన సాక్ష్యం బహుశా ఆ కుక్కరే.

రాజోలు, మలికిపురం వెళ్లి అడగండయ్యా ఈ కథ ఏ దేశానిదో! కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి ఫోను కోసం కాచుకునే పిల్లలు, దుబాయి పోయినవాడి గొంతు మర్చిపోయిన పెళ్లాలు చెబుతారు. ఒక్క ఆడమనిషి లేని జ్యూరీ, తాను ఎంపిక చేసిన ‘లాపతా లేడీస్’ను మెచ్చుకుంటూ, భారతీయ స్త్రీలంటే అణకువ, పెత్తనం కలిసిన వింత మిశ్రమమని మొదలెట్టింది. ఆ మిశ్రమంలో కలవని ఆడది, నైట్ డ్యూటీ దిగి ఒంటరిగా రైలెక్కే ఆడది, ఈ దేశంలో కనపడకూడదా? నచ్చకపోతే నచ్చలేదనండి. మా ఇళ్ల ఆడవాళ్ల బతుకును పరదేశం పద్దులో రాయడానికి మీరెవరు?

నటుడు రానా స్పిరిట్ మీడియా 2024 నవంబరులో ఈ సినిమాను దేశమంతా విడుదల చేసింది. రాజమండ్రిలో మళ్లీ ఒక్క తెర ఇప్పించండి, ఉదయం ఆట చాలు. డ్యూటీ దిగిన నర్సమ్మలు చూసి బాలేదంటే, బాలేదు.