ఔటర్లో ఆగిన టోపీ

వేసవి సెలవులకి మా మేనకోడలు కొత్తవలస వచ్చింది. గడప దాటి లోపలికి అడుగు పెట్టిందో లేదో, సంచీ నా చేతికిచ్చి, డాక్టరు నాలుక చూసినట్టు నా మొహంలోకి చూసి అడిగింది: "మావయ్యా, నీది ఏ హౌసు?"

వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది. "ఏ హౌసేటే? ఇదే హౌసు. పెంకులు తీసీసి డాబా ఏసినాం గదా, మర్సిపోనావేటి?"

"ఈ హౌసు కాదమ్మమ్మా! హ్యారీ పాటర్ బళ్లో హౌసు."

"ఆడు ఎవులి పిల్లడు? ఏ ఊరు?"

మా వైపు మనిషిని తూచడానికి ఈ రెండు ప్రశ్నలూ చాలు. మూడోది అడిగారంటే పెళ్లి సంబంధమన్నమాట. పిల్ల ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఆ బడి స్కాట్లాండ్ కొండల్లో ఉంటుందనీ, లండన్లో రైలెక్కి వెళ్లాలనీ.

"కొండల్లోకెల్లే రైలైతే మన టేసన్లోనే ఎక్కొచ్చు గదా. మద్దిని లండనెందుకు?"

అమ్మ అన్నదాంట్లో తప్పు పట్టడానికేం లేదు. హౌరా - చెన్నై లైను మీదున్న మా జంక్షన్లోనే కిరండూల్ లైను పక్కకి తిరుగుతుంది. బైలదిల్లా ఇనుపరాయి విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర దాటాక బండి కొండెక్కుతుంది. మొత్తం మీద 50కి పైగా సొరంగాలు. మధ్యలో బొర్రా గుహలు, పైన అరకు. మంత్రాల బడికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది? పుస్తకంలో బండి తొమ్మిదీ ముప్పావు నంబరు ప్లాట్‌ఫారం మీదికొస్తుంది, గోడలోంచి దూరి వెళ్లి ఎక్కాలి. గోడలోంచి దూరడం మావాళ్లకి ఇంకా చేతకాలేదు. గోడ పక్క సందులోంచి దూరడం మాత్రం పుట్టుకతో వచ్చిన విద్య.

హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది, ఏడోది 2007లో. జె.కె. రౌలింగ్ ఆ హాగ్వర్ట్స్ బడికి నాలుగు హౌసులు పెట్టింది. చేరిన రోజు రాత్రే పిల్లల నెత్తిన ఒక మాసిన టోపీ పెడతారు. అది బుర్రలోకి తొంగిచూసి, ఎవరిది ఏ హౌసో అందరికీ వినబడేలా అరుస్తుంది. ధైర్యవంతులకి గ్రిఫిండార్, సింహం గుర్తు. తెలివైనవాళ్లకి రావెన్‌క్లా, గద్ద గుర్తు. ఎలాగోలా పని సాధించుకొచ్చేవాళ్లకి స్లిథరిన్, పాము గుర్తు. ఒళ్లు దాచుకోకుండా, మాట తప్పకుండా, నమ్మినవాళ్లని వదలకుండా ఉండేవాళ్లకి హఫుల్‌పఫ్, బాడ్జర్ గుర్తు.

నాకు టోపీ దగ్గరే అనుమానం వచ్చింది. తెలుగులో ఎవడికైనా టోపీ పెట్టారంటే వాడు తన గురించి ఓ కొత్త సంగతి తెలుసుకున్న మాట నిజమే. కాకపోతే తెలుసుకున్నది తను వెర్రివెంగళప్పననే.

అయినా మనుషుల్ని ఇలా గదులకి సర్దడం మనకేమీ కొత్త కాదు. పంచాంగం 27 నక్షత్రాల్నీ తొమ్మిదేసి చొప్పున దేవ, మనుష్య, రాక్షస గణాలకి ఎప్పుడో పంచేసింది. రాక్షస గణంలో ఆశ్లేష ఉంది, దాని అధిదేవతలు సర్పాలు. అంటే పాము గుర్తు హౌసుకి మనవాళ్లు ముందే శంకుస్థాపన చేసి, గృహప్రవేశం కూడా కానిచ్చేశారు. విశాఖదీ రాక్షస గణమే. రోజూ సీజను టిక్కెట్టు మీద కొత్తవలస నుంచి విశాఖ వెళ్లొచ్చేవాళ్లు ఈ మాటని పెద్దగా ఖండించరు.

మా ఆవిడది ఆశ్లేష. ఆశ్లేష పిల్లొస్తే అత్తగారికి గండం అంటారు. అమ్మ వణికిపోయి, శాంతి చేయించి మరీ పెళ్లి చేసింది. ఇరవై రెండేళ్లయింది. అమ్మకి డెబ్బై ఎనిమిది, ఇప్పటికీ జీడిపిక్కలు పళ్లతోనే కొరుకుతుంది. గండం ఎవరివల్ల ఎవరికో ఇంకా తేలలేదు.

ఇక టోపీ విషయానికొస్తే, దాన్ని విజయనగరం పట్టుకొచ్చి 'కన్యాశుల్కం' మనుషుల నెత్తిన పెట్టి చూడాలని నాకో కోరిక. 1892లో తొలిసారి ఆడిన నాటకం. అందులోవాళ్లు ఇప్పటికీ మా జిల్లాలో తిరుగుతూనే ఉన్నారు. సౌజన్యారావు పంతులుకి టోపీ పెట్టనక్కర్లేదు, గుమ్మంలోంచి చూసే హఫుల్‌పఫ్ అనెయ్యొచ్చు. కరటకశాస్త్రి స్లిథరిన్. శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకిచ్చి పెళ్లి చేసినవాడు మరెక్కడికి పోతాడు? కానీ ఆ పని చేసింది మేనకోడలి మెడకి పడబోయిన ఉరి తప్పించడానికి. మేనమామలంతా ఇది గుర్తుంచుకోవాలి. మధురవాణి దగ్గర టోపీ నీళ్లు నమిలి, నాలుగు హౌసుల తాళాలూ ఆవిడ చేతికే ఇచ్చేస్తుంది. ఇక గిరీశం. గిరీశాన్ని కుర్చీలో కూర్చోబెడితే హౌసు సంగతి దేవుడెరుగు, లేచేటప్పటికి టోపీకే టోపీ పెట్టేసి ఉంటాడు.

భోజనాలయ్యాక పిల్ల నోటుపుస్తకం తీసింది. పది ప్రశ్నలు తనే తయారుచేసుకొచ్చింది.

"చీకట్లో అడవిలో నడుస్తున్నావు. దారి రెండుగా చీలింది. ఎటెళ్తావు?"

"ఎవరినైనా అడుగుతాను."

"అక్కడెవరూ ఉండరు మావయ్యా."

"అయితే నేనూ ఉండను."

"మంత్రదండం దొరికింది. మొదట ఏం చేస్తావు?"

"ఎవరు పారేసుకున్నారో కనుక్కుని ఇచ్చేస్తాను."

"పిరికివాడు, తెలివితక్కువవాడు, స్వార్థపరుడు, మామూలు మనిషి. వీటిలో ఏ మాటంటే ఎక్కువ బాధపడతావు?"

"నాలుగూ మీ అత్త ఎప్పుడో అనేసింది. బాధ అలవాటైపోయింది."

తర్వాత అమ్మ వంతు. "అమ్మమ్మా, పాము కనిపిస్తే ఏం చేస్తావు?"

"ఏటి సేత్తానే? మొన్న పెరట్లో కనబడితే సీపురుకట్టట్టుకుని ఎల్లగొట్టీసినాను. మీ మావయ్య మంచమెక్కీసినాడు."

అమ్మకి గ్రిఫిండార్ వచ్చింది. అదే జవాబుకి నాకు మార్కులు తగ్గాయి. మా ఆవిడ మాత్రం "ఆ పాము ఎందుకొచ్చిందో ముందు కనుక్కుంటాను" అంది. స్లిథరిన్. పంచాంగం గెలిచింది. పిల్లకి రావెన్‌క్లా వచ్చింది. ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్లకి ఆ మాత్రం రాకపోతే ఎలా?

నా దగ్గరికొచ్చేసరికి పెన్సిలు నోట్లో పెట్టుకుని ఆలోచనలో పడింది. ఆ బళ్లో కూడా ఒక్కొక్కరి నెత్తిన టోపీ ఐదు నిమిషాలు దాటినా తేల్చలేకపోతుందట, దానికో ప్రత్యేకమైన పేరు కూడా ఉందట. మా ఊళ్లో దాన్ని ఔటర్లో ఆపెయ్యడం అంటారు. చివరికి సిగ్నలిచ్చింది. "హఫుల్‌పఫ్."

ఎగ్ పఫ్ తెలుసు, కర్రీ పఫ్ తెలుసు. ఇదేమిటని నేను దిగులుపడుతుంటే అమ్మ విచారణ మొదలుపెట్టింది.

"గుర్తేటన్నావు?"

"బాడ్జర్ అమ్మమ్మా. ఒక జంతువు."

"బొరియలు తవ్వుతాదా?"

"తవ్వుతుంది."

"రాత్రుల్లు తిరుగుతాదా?"

"తిరుగుతుంది."

"అయితే పందికొక్కే."

సింహం కావాలని కూర్చున్నవాణ్ని, పందికొక్కునై లేచాను. పిల్ల జాలిపడి, "బాధపడకు మావయ్యా, హఫుల్‌పఫ్ వాళ్ల గది వంటింటి పక్కనే ఉంటుంది" అని ఓదార్చింది. "రంగేమిటి?" అనడిగాను. "పసుపూ నలుపూ" అంది.

పసుపు అనగానే నాకు ముప్పై అయిదేళ్ల కిందటి దెబ్బ మళ్లీ సలిపింది.

హౌసుల పద్ధతి ఇంగ్లండు బోర్డింగు బళ్ల నుంచి వచ్చింది. అక్కడ పిల్లలు నిజంగానే వేరువేరు ఇళ్లలో ఉండేవారు కాబట్టి హౌసు. మా ఊరి తర్వాత కంటకాపల్లి, అలమండ దాటితే కోరుకొండ. పి.వి.జి. రాజు గారిచ్చిన రాజమహల్లో 1962లో అక్కడ సైనిక్ స్కూల్ పెట్టారు. కోటలో బడి అంటే హాగ్వర్ట్స్ లెక్కే, గుడ్లగూబలొక్కటే తక్కువ. నవోదయల్లో హౌసులకి కొండల పేర్లు: ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. మన తూర్పు కనుమల పేరు లేదేమని చిన్నబుచ్చుకోబోయి, ఉదయగిరి అంటే తూర్పు కొండేగా అని సర్దుకున్నాను. కేంద్రీయ విద్యాలయాల్లో శివాజీ, టాగోర్, అశోక, రామన్. అక్కడ పదేళ్ల పిల్లడు 'నేను అశోకుణ్ని' అని చెప్పి మరీ కబడ్డీలో పక్కవాడి కాలు లాగుతాడు.

మా బళ్లో కొండలూ లేవు, చక్రవర్తులూ లేరు. ఉన్నవి నాలుగు రంగుల రిబ్బన్లు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. హాగ్వర్ట్స్ రంగులూ సరిగ్గా అవేనని మొన్ననే తెలిసింది. మా టోపీ డ్రిల్లు మేష్టారు. అందర్నీ వరసలో నిలబెట్టి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ పోయేవారు. బుర్రలోకి తొంగిచూసే తీరిక ఆయనకి లేదు.

నేనూ నా నేస్తమూ ఒకే జట్టులో ఉండాలని ఒట్టేసుకున్నాం. లెక్క ఇంకా దూరంలో ఉండగానే కళ్లతో గుణించుకున్నాను. నాకు ఒకటి వస్తుంది, ఎరుపు. వాడికి నాలుగు వస్తుంది, పసుపు. మేష్టారు తల తిప్పినప్పుడు వెనకనుంచి జారుకుని వాడి చోటికి పోయాను. వాడూ అదే లెక్క వేసి, అదే క్షణంలో, ముందునుంచి జారుకుని నా చోటికి పోయాడు. నాకు పసుపు రిబ్బను, వాడికి ఎర్ర రిబ్బను. పుస్తకంలో హ్యారీ ఫలానా హౌసు వద్దని టోపీని బతిమాలితే అది వింటుంది. మేము బతిమాలకుండానే విన్నంత పనైంది, ఒకరి మాట ఒకరికి తగిలింది.

అంటే న్యాయంగా ఎర్రజట్టు నాదే. సింహం నాదే. చీకటి పడితే వీధి చివరిదాకా పోలేని నా నేస్తం ఆ రిబ్బను కట్టుకున్నాక వీర్రాజైపోయాడు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి అనుచరుల మెడలో వీరతాళ్లు పడ్డట్టు వాడికి బహుమతుల మీద బహుమతులు. మా పసుపు జట్టు ఒక్కదాంట్లోనే గెలిచేది, స్లో సైకిల్ రేసులో. చివర వచ్చినవాడే గెలిచే ఆ పోటీలో, కాలు కింద పెట్టకుండా, పడిపోకుండా, అందరూ ముందుకెళ్లిపోతున్నా కంగారుపడకుండా నేను మూడేళ్లు వరసగా గెలిచాను. మూడు ప్లాస్టిక్ సబ్బుపెట్టెలు. ఒకదాంట్లో మా ఆవిడ ఇప్పటికీ సూదులూ దారాలూ పెట్టుకుంటుంది.

ఆ నేస్తం ఇక్కడే ఉంటాడు. వీధిలో ఎవరింట్లో గొడవైనా, ఏ వైరు తెగి రోడ్డు మీద పడినా ముందు పరిగెత్తేది వాడే. ఓసారి టీ కొట్టు దగ్గర అడిగాను, "నీకు భయం వెయ్యదట్రా?" అని.

"ఎయ్యకేటిరా! కాళ్లు లటలటలాడిపోతాయి. ఏటి సేత్తాం, రెడ్ హౌసు గదా."

మా నాన్న రైల్వేలో కేబిన్‌మేన్. లీవరు లాగి బళ్లకి దారి మళ్లించేవాడు. చిన్నప్పుడు ఓ రోజు అన్నం కేరేజీ ఇవ్వడానికి వెళ్లి, ఏ బండి ఎటు పోవాలో దానికెలా తెలుస్తుందని అడిగాను. కిటికీలోంచి పాయింట్లు చూపించాడు. "బండికేటి తెలుస్తాదిరా? ఆ పట్టా కదిలేది బెత్తెడు. బెత్తెడు ఇటైతే హౌరా, అటైతే కిరండూల్. ఎల్లినాక మాత్రం కొండెక్కీ బండి కొండెక్కడం నేర్చుకుంటాది." హౌసులకి పాయింట్లు వేస్తారని పిల్ల చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చినవి ఆ పాయింట్లే.

ఇంత జ్ఞానోదయం అయ్యాక కూడా మనసు ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే పిల్లని పట్టుకుని, "మళ్లీ పరీక్ష పెట్టవే" అన్నాను. ఈసారి అడవిలో చీకటి దారే పట్టాను. మంత్రదండం జేబులో పెట్టుకుని రాక్షసుల మీదికి వెళ్లాను. పాముని తోక పట్టుకుని గిరగిరా తిప్పాను. పిల్ల మార్కులు కూడి కళ్లు పెద్దవి చేసింది. "మావయ్యా, గ్రిఫిండార్!"

మధ్యాహ్నం దాకా సింహంలాగే ఉన్నాను. ఆ తర్వాత కడుపులో ఏదో తిప్పడం మొదలైంది. పిల్ల నా పేరు ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి, చుట్టూ జూలు గీసి, గోడకి అంటిస్తోంది. చూడలేకపోయాను.

"ఇదిగో, నేను రాసినవన్నీ అబద్ధాలే" అన్నాను.

"ఏ ఒక్కటీ నిజం కాదా?"

"పాము అసలే కాదు."

పిల్ల కాగితం చింపేసి, పసుపు స్కెచ్‌పెన్ను మూత తీస్తూ అంది: "అబద్ధమాడి, ఎవరూ పట్టుకోకుండానే వచ్చి ఒప్పుకున్నావు కదా మావయ్యా. ఇంక నువ్వు ఎన్నిసార్లు రాసినా హఫుల్‌పఫ్పే."

వంటింట్లోంచి అమ్మ కేక వినబడింది. "ఆ పందికొక్కుని రమ్మనే. అన్నం సల్లారిపోతంది."

వెళ్లి, వంటింటి గుమ్మం పక్కన, నా చోట్లో కూర్చున్నాను.