మీసానికి మడతల చిక్కు

సూరత్ రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో చీర కట్టుకోని మగవాళ్లే చీరలు అమ్ముతారు, టోకున కొనే షావుకార్లూ ఎక్కువగా మగవాళ్లే.

పమిట భుజాన వేసుకుని, కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, ఒకటికి నాలుగుసార్లు వయ్యారంగా తిరిగి చూపిస్తాడు సేల్స్‌మన్. బేరం కుదిరేదాకా మీసానికి అభ్యంతరం లేదు.

ఇంటి దండెం మీద ఆరిన భార్య చీర మడతపెట్టమనండి. వంశ గౌరవం అడ్డొస్తుంది!

అదే ఊళ్లో, లింబాయత్‌లో మన తెలంగాణ నేతన్న తీరూ అంతే. మరమగ్గం మీద వెంట్రుకలాంటి పోగు తెగితే రెప్పపాటులో అతికేస్తాడు. చొక్కా గుండీ ఊడిందా, "సూది ఎక్కడుందే?" అని కేక. కుట్టుపని ఆడవాళ్లదట. మరి సందు చివరి దర్జీ ఎవరో!

జీతమొస్తే మగపని, రాకపోతే ఆడపని. లెక్క తేలికే.

అన్నట్టు, ఆ ఊరి వరాఛాలో వజ్రాలు సానపట్టే మొనగాళ్లూ ఉన్నారు. భూతద్దంలో ఆవగింజంత రాయిలోనూ లోపం పట్టేస్తారు. బియ్యంలో రాయి మాత్రం పంటికి తగిలాకే కనబడుతుంది. అప్పుడూ కసురుకునే హక్కు వాళ్లదే.